దిగట్లేదు

ఎవడయ్యా మీలో, తాళంచెవికి యాప్ పెట్టినవాడు? ముందుకు రండి. మొహం చూడాలి.

గోడకి మేకు. మేకుకి తాళంచెవి. చెయ్యి చాపితే అందుతుంది. దాన్ని అందుకోవడానికి ఒక ఫోన్, ఫోన్‌లో యాప్, యాప్‌లో అర్జీ, అర్జీకి ఆమోదం. ఏసీ గదిలో కూర్చుని ఇదంతా ఆలోచించారు. అయ్యాక ఒకరి భుజం ఒకరు తట్టుకునే ఉంటారు.

అపార్ట్‌మెంట్ల సంఘం ఆఫీసు అది. చుట్టూ అద్దాలు. లోపల ఇద్దరు. ఒకాయన కార్యదర్శి. ఇంట్లో ఎవరూ మాట వినక, ఇక్కడికొచ్చి పెత్తనం చేసుకుంటున్నాడు. రెండోవాడు యాప్ సారు. జనం ఫోన్లలో సంఘం యాప్ ఎక్కించడం, ఎక్కకపోతే జనాన్ని తిట్టడం అతని ఉద్యోగం. రెండోది బాగా చేస్తాడు.

బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది. గేటు వాచ్‌మన్.

"సార్, రంగులేసే ఆవిడొచ్చింది. దిగట్లేదంటోంది. మేడ పైకెళ్లే తలుపు తాళంచెవి కావాలంట. యాప్ లేకుండా ఇవ్వొద్దన్నారు కదా, మీ దగ్గరికే పంపిస్తున్నా."

"వచ్చింది ఇంకోటి," అన్నాడు యాప్ సారు. "వీళ్లకి ఏదీ దిగి చావదు."

ఆమె తలుపు తోసుకుని వచ్చింది. ఆయాసం. మోచేతుల దాకా తెల్ల రంగు. కాళ్లకి చెప్పుల్లేవు.

"చెప్పులు బయట వదిలావు, సంతోషం," అన్నాడు కార్యదర్శి. "ఆ చేతులు కూడా వదిలేసి రావాల్సింది. బల్ల ముట్టుకోకు."

"మేడ తలుపు తాళంచెవి సార్. నేను కింద ఉండగా ఎవరో తాళం వేసేశారు. గేటాయన చెప్పాడు కదా…"

"చెప్పాడు, చెప్పాడు. దిగట్లేదు, అంతేగా?" అన్నాడు యాప్ సారు.

"అవును సార్. దిగట్లేదు."

"ఫోన్ ఇటివ్వు."

రెండు వేళ్లతో పట్టుకున్నాడు, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు. అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"స్థలం లేదంటోంది. ఏం కుక్కావమ్మా ఇందులో? ఈ గోడల ఫొటోలన్నీ ఎందుకు?"

"మేం రంగేసినవి సార్. కొత్త పని అడిగేటప్పుడు చూపిస్తాం."

"ఇవి తీసేస్తే గానీ దిగదు."

"తీసెయ్యండి సార్. అన్నీ తీసెయ్యండి. తొందరగా."

తీసేశాడు. ఆమె బతుకంతా ఒక్క బొటనవేలితో చెత్తబుట్టలో పడేశాడు. మళ్లీ నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వైఫై మార్చాడు. యాప్ స్టోర్‌లో పేరుకున్న పాత చెత్త తుడిచాడు. ఫోన్ ఆపి మళ్లీ వెలిగించాడు. అది వెలగడానికి దాని తీరిక దానిది.

"వానొచ్చేలా ఉంది సార్."

"వానకీ యాప్‌కీ సంబంధం లేదు."

"గాలి బాగా ఎక్కువైంది సార్."

"ఏసీ తగ్గించమంటావా?" అన్నాడు కార్యదర్శి. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ల జోకుకి వాళ్లే గిరాకీ.

ఆమె నవ్వలేదు. అద్దంలోంచి బయటికి, పైకి చూస్తోంది.

"ఇటు చూడమ్మా. ఆకాశంలో ఏముంది?"

"అయ్యా, ఒక్కసారి ఆ తాళంచెవి ఇవ్వండి. మళ్లీ వచ్చి మీరు చెప్పినవన్నీ ఎక్కించుకుంటా. మీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెందుకు, ఫోన్ సరిగ్గా పట్టుకో చాలు," అన్నాడు కార్యదర్శి. "ఇవాళ నీకిస్తే రేపు పాలవాడికివ్వాలి, ఎల్లుండి పేపరువాడికి. రూలంటే రూలే. నేను పెట్టిన రూలు నేనే తప్పితే ఏం బాగుంటుంది?"

"ఇంకెంతసేపు సార్ ఇలా వేలాడటం?"

"వేలాడేది నువ్వు కాదమ్మా, నేను. పొద్దున్నుంచీ ఇలాంటి డొక్కు ఫోన్లు పట్టుకుని." యాప్ సారు సెట్టింగుల్లోకి దూరాడు. దూరి కేక పెట్టాడు. "అదీ సంగతి! తేదీ తప్పుంది. తేదీ తప్పుంటే స్టోర్ ఈ ఫోన్‌ని నమ్మదు. ఈ ముక్క ఎంతమందికి తెలుసు చెప్పండి!"

తేదీ సరిచేశాడు. చక్రం కదిలింది. గీత నిండింది. యాప్ దిగింది, ఎక్కింది. సంఘం గుర్తు తళుక్కుమంది. కార్యదర్శి నిజంగానే చప్పట్లు కొట్టాడు.

"చూశావా? ఓపికుండాలి."

ఆమె చెయ్యి అప్పటికే మేకు వైపు వెళ్లింది. ఆయన అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగాగు. నంబరు కొట్టాలి. ఓటీపీ రావాలి. అర్జీ పెట్టాలి. నేను ఒప్పుకోవాలి."

యాప్ సారు నొక్కాడు. మొహం చిట్లించాడు.

"నీ నంబరు లేదిక్కడ. మీ మేస్త్రీ మీ ఆయన నంబరిచ్చాడు. ఓటీపీ ఆయన ఫోన్‌కి పోయింది. పిలువు ఆయన్ని."

"రాలేడు సార్."

"ఏం? తాగి పడిపోయాడా?"

"పైనున్నాడు."

ఆ మాటకి యాప్ సారు తలెత్తాడు. గొంతు కాస్త తగ్గించాడు, మర్యాద తెలిసినవాడిలా.

"పైనంటే… పోయాడా?"

"ఇంకా పోలేదు, కప్పీ ఇరుక్కుపోయి, కూర్చున్న చెక్క ఒరిగిపోయి, రెండు చేతులా తాడు పట్టుకుని మీ తొమ్మిదో అంతస్తు గోడకి వేలాడుతున్నాడు, దిగాల్సింది మీ యాప్ కాదు మా ఆయన, ఆ తాళంచెవి ఇటు పడెయ్యండ్రా!"