చెప్తే మజా పోతది

"సినిమా ఎట్లుందన్నా?"

వికారాబాద్‌లో మార్నింగ్ షో వదలగానే, మొదట బయటికొచ్చిన మనిషి మూతి ముందు మైకు పెట్టింది నిఖిల.

"మస్తుంది! ఎమ్మెల్యే టికెట్ కోసం టీవీల డ్యాన్సుల పోటీ పెట్టుడేంది! నవ్వి నవ్వి కడుపు నొచ్చింది."

"నాకైతే మా వార్డు మెంబరే యాదికొచ్చిండు," అన్నాడు వెనకాయన. వెంటనే అటూ ఇటూ చూసి, "గా మాట తీసెయ్యమ్మా, రోజు మొఖం చూసుకోవాలె," అని బతిమాలాడు.

"అన్నిట్ల ఏం నచ్చింది?"

"ఆఖర్ల ఆ పెద్దామె!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఏం చేసింది ఆమె?"

"చెప్తే మజా పోతది. చూడాలె."

అదే వచ్చిన చిక్కు. నిఖిల చూడలేదు. యూట్యూబ్‌కు పబ్లిక్ టాక్ తీసేవాళ్లకు సినిమా చూసే తీరిక ఎక్కడిది? లోపల బొమ్మ ఆడినంతసేపూ బయట చాయ్ బండి దగ్గర కాపలా, బొమ్మ అయిపోగానే ఇంకో ఊరికి పరుగు. ఎన్ని సినిమాలకు "బ్లాక్‌బస్టర్" అని జనంతో అరిపించిందో గానీ, ఒక్కదాని కథ కూడా ఆమెకు తెలియదు.

ఫోన్ మోగింది. ఛానల్ ఓనర్ మహిధర్.

"నిఖిలా, ఊరంత ఆ పెద్దామె ముచ్చటనే. పేరు ఎవరికి తెల్వది. మీ వికారాబాద్ దిక్కు మనిషంట. సాయంత్రానికి ఇంటర్వ్యూ కావాలె. లేకుంటే రేపటి సంది నువ్వు రాకున్నా ఫికర్ లేదు."

"ఫోటో ఉంటే పంపుండ్రి సార్."

"సినిమా చూసినదానివి, నీకు ఫోటో ఎందుకు?"

నిఖిల నాలుక కరుచుకుంది. చూడలేదంటే ఉన్న ఉద్యోగం సాయంత్రం దాకా కూడా ఆగదు.

చాయ్ బండిని అడిగింది, టికెట్ల కౌంటర్‌ను అడిగింది, ఆటోవాళ్లను అడిగింది. అందరూ ఆమెను పొగిడేవాళ్లే, ఆమె ఊరు చెప్పేవాడు ఒక్కడూ లేడు. తాండూరులో మ్యాట్నీ వదిలే టైముకు అక్కడ ఉండాలి. ఉసూరుమంటూ రైలెక్కింది.

పక్క సీట్లో ఒక ముసలామె, ఒళ్లో కూరగాయల సంచి. నిఖిల వీడియో సరిచేస్తుంటే ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఏందిది బిడ్డా? అందరు గంతగనం నవ్వుతుండ్రు?"

"కొత్త సినిమా అవ్వా. చూసినవా?"

"నాకెక్కడి సినిమాలు. గా వార్డు మెంబర్ అన్నాయనను ఇంకోపారి పెట్టు."

పెట్టింది. ముసలామె గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి గానీ చప్పుడు లేదు.

"మంచిగ నవ్వు అవ్వా. ఎవరేమంటరు?"

"వద్దు బిడ్డా. ఒకపారి నవ్వి ఆగమైన."

"ఏమైంది?"

"మా ఊరోళ్లను వ్యాన్ల పట్నం తీస్కపోయిండ్రు. టీవీ ప్రోగ్రామంట, కూసొని చప్పట్లు కొట్టాలెనంట. గాడ స్టేజీ మీద ఒకాయన బోరున ఏడుస్తుండు. ఒక కన్ను ఏడుస్తున్నది, ఇంకో కన్ను కెమెరాను చూస్తున్నది! నాకు నవ్వాగలే. ఎంత ఆపుకున్నా ఆగలే. కెమెరాలన్ని నా దిక్కే తిరిగినయి. ఆయన ఏడుపు నడుమనే బందైంది. ఇల్లు చేరేదాక మా కోడలు అశ్విని తిట్టుడే తిట్టుడు."

"పోనీ తియ్ అవ్వా," అంది నిఖిల. కళ్లు ఫోన్ మీద, ధ్యాస మహిధర్ మీద ఉంది.

"ఎట్ల పోతది? గంతమంది కష్టం నాతోని మన్నుపాలాయె. గప్పటి సంది నలుగుట్ల నవ్వాలంటే భయం." సంచిలోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి నిఖిల చేతిలో పోసింది. "తిను. మొఖం గట్ల వాడిపాయె, ఏం పరేషాన్ బిడ్డా?"

"ఒక పెద్ద ఆర్టిస్టును వెతుకుతున్న అవ్వా. దొరక్కుంటే నా నౌకరి పోతది."

"అయ్యో! నీ నసీబ్ మంచిగుంటే ఆమెనే ఎదురొస్తది తియ్."

ధారూర్ స్టేషన్ వచ్చింది. ముసలామె సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"నా ముచ్చట గూడ గా ఫోన్ల పెట్టరాదు?"

"సినిమా చూడనోళ్ల మాట ఎవరింటరు అవ్వా!" నిఖిల నవ్వేసింది.

"గది గూడ నిజమే," అని ఆమె కూడా కొంగు చాటున నవ్వుకుంటూ దిగిపోయింది. పాపం, మంచి మనిషి అనుకుంది నిఖిల. పేరు అడగాలని మాత్రం తోచలేదు.

తాండూరులో మ్యాట్నీ ఇంకా వదల్లేదు. హాలు గేటు దగ్గర టికెట్లు చింపే యాదగిరి నిఖిలను చూసి జాలిపడ్డాడు.

"ఎప్పుడు గీ బయటనే నిలబడ్తవ్. ఆఖరు ముక్కన్న చూడరాదమ్మా. పెద్దామె వచ్చే టైమైంది."

కనీసం మొహమైనా తెలుస్తుందని ఆశపడి, చేతిలో మిగిలిన పల్లీలతోనే నిఖిల చీకట్లోకి దూరింది.

తెర మీద పేద్ద స్టేజీ. లీడర్ మైకు పట్టుకుని, పేదవాళ్లంటే తనకు ప్రాణమని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఒక కన్ను ఏడుస్తోంది, ఇంకో కన్ను కెమెరాను చూస్తోంది.

నిఖిల నోట్లో పల్లీ నోట్లోనే ఆగిపోయింది.

"ఇగ చూడు, ఇగ చూడు!" అని ముందు వరుసలో ఎవరో పక్కవాడి భుజం చరిచారు.

కెమెరా ఏడుస్తున్న లీడర్‌ను వదిలేసి జనం మీదికి తిరిగింది, అక్కడ కొంగు అడ్డం పెట్టుకోవడమే మరిచిపోయి ధారూర్ అవ్వ పగలబడి నవ్వుతుంటే, తాండూరు హాలు హాలంతా లేచి నిలబడి ఆమెకు చప్పట్లు కొట్టింది.