కొండ దిగే ర్యాంపు

నలభై రెండు మెట్ల పైనున్న ఇంట్లో, చక్రాల కుర్చీలో కూర్చుని, మంగతాయారు నాలుగేళ్లుగా కింది రోడ్డును చూస్తూనే ఉంది. ఇప్పుడు బెజవాడలో ఇళ్లకూ ఆటోలకూ ఎక్కడ చూసినా పరుచుకునే ర్యాంపులే. చాపలా విప్పితే చాలు, దారి అవే వెతుక్కుంటాయి. ఆమె కూడా ఒకటి తెప్పించుకుంది.

గడప ముందు విప్పగానే ర్యాంపు కొండవాలును కొలుచుకుంది. మెట్లను వదిలేసి పక్కకు తిరిగి, కింది ఇంటి వసారా దాకా పాకి ఆగింది. మంగతాయారు వంగి దాన్ని వింతగా చూసింది.

"ఏం, ఆగిపోయావే?"

"ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. మీరే అడగాలి," అంది ర్యాంపు.

ఆ ఇల్లు ఖాసింబీది. కుళాయి దగ్గర గొడవపడి ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. మంగతాయారు గొంతు సవరించుకుంది.

"ఖాసింబీ! నీ వసారాలోంచి కిందికి పోనా?"

ఖాసింబీ బయటికొచ్చి ర్యాంపును కాలితో నొక్కి చూసింది. "మోస్తదంటావా నిన్ను?"

"ఏమో, చూద్దామనే."

ఖాసింబీ నవ్వాపుకుంటూ నులకమంచం పక్కకు లాగింది. ర్యాంపు మళ్లీ కదిలింది.

"ఉండు, నేనూ వస్తా. ఆ కిందింటి వీరాస్వామి ఒట్టి మొండోడు. వాణ్ని నేనడుగుతా."