తెర లోపల ఒక గీత

నాలుగో మంచానికి వేలాడుతున్న మందుల చీటీలో, ఆ మంచం మీది మనిషి ప్రాణం నిలబెట్టాల్సిన సూదిని ఎవరో అడ్డంగా కొట్టేశారు.

ఒకే గీత. తిన్నగా, వణుకు లేకుండా.

సిస్టర్ షగుఫ్తా చీటీని వెలుతురుకు పట్టి చూసింది. అరగంట క్రితం ఆ గీత లేదు.

కాబూల్ మీద రాకెట్లు పడుతున్న ఏడాది అది. పెషావర్ శివార్లలో అఫ్గాన్ కాందిశీకుల ఆస్పత్రి. ఆడవాళ్ళ గదికి నిలువెత్తు తెర. మగ డాక్టరు ఆ తెర దాటడు. అవతల కుర్చీలో కూర్చుని అడుగుతాడు, సిస్టరు లోపలి నుంచి చెబుతుంది. చీటీ తెర కింది నుంచి వెళ్ళి, మందు రాయించుకుని తిరిగొస్తుంది.

అంటే, దొంగ తెర లోపలే ఉంది.

"డాక్టర్ సాబ్, సూది మీరే కొట్టేశారా?"

"నేనెందుకు కొట్టేస్తాను? పొద్దున కాన్పయింది, రక్తం ఇంకా పోతూనే ఉందని నువ్వేగా చెప్పావు!" డాక్టర్ తైమూర్ గొంతు లేచింది. "ఇంకా ఇవ్వలేదా?"

"ఎవరో గీత పెట్టారు సాబ్..."

"లోపల పెన్ను పట్టేది నువ్వొక్కదానివే. ఆ బాలింతకేమైనా అయితే రేపటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

షగుఫ్తా చీటీని మరోసారి తిప్పి చూసింది. పొరపాటు ఎక్కడ జరిగింది? పోయిన నెలేగా శిక్షణకు వెళ్ళొచ్చింది! అఫ్గాన్ల మర్యాదలు పదహారు పేజీలు రాసుకుంది. ఒక్కటీ తప్పలేదు. నాలుగో మంచం దగ్గర అత్తగారిని అడగకుండా కోడల్ని ముట్టుకోలేదు. "పచ్చి బాలింతకు బిగించి కట్టకమ్మా" అని ఆమె బీపీ పట్టీ చూసి బెదిరిపోతే, బలవంతం చేయకుండా పక్కన పెట్టేసింది. ఐదో మంచం పెద్దావిడ చేరిన రోజున, పెన్ను ఇచ్చి సిగ్గుపడేలా చేయకుండా తనే సిరా డబ్బా ముందుకు జరిపి వేలిముద్ర వేయించింది.

అనుమానించడానికి ముగ్గురే ఉన్నారు. నాలుగో మంచం మీది జర్మీనా తలనొప్పని పొద్దుటి నుంచి కళ్ళే తెరవడం లేదు. ఆమె కాదు.

రెండో మనిషి అత్తగారు బస్పరీ.

"ఖాలా, కోడలికి సూది వేయించడం మీకిష్టం లేదా? లేకపోతే చెప్పండి. నేనేమీ అనుకోను."

"ఇష్టం లేకపోతే నోటితోనే చెబుతా. నాకేం భయమా? పట్టీ వద్దని చెప్పలేదూ?"

"మరి ఈ గీత?"

"గీత గీయాలంటే పెన్ను పట్టడం రావాలి కదే పిల్లా! మా ఇంట్లో ఉన్నది ఒక్క పెన్ను. దాంతో మా ఆయన పైజమాకు బొందు దూర్చుకుంటాడు."

కళ్ళు మూసుకునే జర్మీనా ఫక్కున నవ్వింది. షగుఫ్తాకు నవ్వు రాలేదు.

ఇక మిగిలింది ఐదో మంచం మస్తూరా బీబీ. దగ్గుతో చేరింది. "ఆమె ఎవరితోనూ మాట్లాడదు, పలకరించకండి" అని చేర్పించిన మేనల్లుడు చెప్పి వెళ్ళాడు. నాలుగు రోజులుగా జపమాల తిప్పుకుంటూ కూర్చోవడమే ఆమె పని. ఈ పూట మాత్రం లేచొచ్చి జర్మీనా కాళ్ళ దగ్గర చేరింది. బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కింది, తీసింది, చూసింది, మళ్ళీ నొక్కింది. తర్వాత ఆ పిల్ల మణికట్టు పట్టుకుని పెదాలు కదిపింది. ప్రార్థన కాబోలు. ఎవరి పిల్లో ఏమో, ఎంత ప్రేమ అనుకుంది షగుఫ్తా.

ఆమెను అడగడం దండగ. ఆమె కాగితంలోనే ఉంది, చదువు లేదని.

అది రాసింది షగుఫ్తానే.

చీటీ మళ్ళీ తెర కింది నుంచి వెళ్ళి, ఈసారి పెద్దపెద్ద అక్షరాలతో సూది పేరు రాయించుకుని వచ్చింది.

"ఇక్కడే కూర్చుంటా. ఇచ్చానని నీ నోట విన్నాకే లేస్తా," అన్నాడు డాక్టరు.

షగుఫ్తా గాజుబుడ్డి మెడ విరిచింది. మందు సిరంజిలోకి లాగింది. జర్మీనా తొడ మీద దూదితో రుద్దింది.

ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఉడుంపట్టు.

"ముందు బీపీ చూడు," అంది మస్తూరా బీబీ.

బస్పరీ నోరు తెరిచింది. "యా అల్లా! బొమ్మ మాట్లాడింది! అయినా ఆ పట్టీ మా కోడలికి..."

మస్తూరా బీబీ ఆమె వైపు ఒక్క చూపు చూసింది. బస్పరీ కిక్కురుమనకుండా తన చేత్తోనే కోడలి చేతి గుడ్డ పైకి మడిచింది.

పై అంకె నూట ఎనభై. కింది అంకె నూట ఇరవై.

షగుఫ్తా అంకెలు రెండుసార్లు చదివింది. రక్తం ఆపే ఆ సూది బీపీని పెంచుతుంది, ఇంత బీపీ మీద పడితే తలలో నరం చిట్లుతుంది. ఆ ఉడుంపట్టు ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే తన చేతులతోనే చంపేసేది. సిరంజిని ట్రేలో పడేసింది.

"ఇచ్చావా?" తెర అవతలి నుంచి కేక.

"లేదు సాబ్. బీపీ నూట ఎనభై. కాళ్ళూ మొహమూ వాచి ఉన్నాయి."

కుర్చీ కిర్రుమంది.

"చీటీ ఇలా పంపు. వేరే సూది రాస్తా, బీపీకి కూడా రాస్తా," అన్నాడు డాక్టరు. గొంతు దిగిపోయింది. "సిస్టర్... ఇంతకీ ఆ గీత పెట్టిందెవరు?"

మస్తూరా బీబీ ముసుగు సర్దుకుని తెర దగ్గరికి నడిచింది.

"నేనే నాయనా. నేనెవరో తెలిస్తే ఇంటిల్లిపాదికీ ముప్పని మా మేనల్లుడు నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నాడు. చెయ్యి మాత్రం ఊరుకోలేదు, కాబూల్‌లో పాత సర్కారు ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు కాన్పుల డాక్టర్ని కదా."