హెడ్‌లైటు చుట్టూ రంగులు

లారీకి కొత్త బల్బులు బిగించాక కూడా డ్రైవర్ ముఖం వెలగలేదు.

"ఎడమ పక్కది కాస్త మసగ్గా లేదూ?" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని షెడ్డు గోడ వైపు చూశాడు. రెండు తెల్లటి వెలుగులు ఒకదానికొకటి తీసిపోకుండా పడుతున్నాయి.

"రెండూ ఒక్క డబ్బాలోంచే తీశానన్నా."

పాత హాలోజెన్ బల్బులు పచ్చగా, నీరసంగా ఉన్నాయనీ, సందె పడితే రోడ్డు అంచు ఆనడం లేదనీ డ్రైవర్ కొన్నాళ్ళుగా గొణుగుతున్నాడు. ఎల్‌ఈడీ వేయించు, పట్టపగల్లా ఉంటుందని తోటి డ్రైవర్లు ఊదరగొట్టారు. అందుకే లోడు ఎక్కించుకుని తిన్నగా ఇక్కడికి వచ్చాడు.

తీరా చూస్తే ఇదీ సంగతి.

"బల్బు ఎలా కనిపిస్తోంది బాబూ?"

అడిగింది గోడవార బెంచీ మీద కూర్చున్న మనిషి. నెరిసిన గడ్డం, శుభ్రంగా ఉతికిన చొక్కా. డ్రైవర్ వచ్చినప్పటి నుంచీ అక్కడే తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

డ్రైవర్‌కు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఎదురుగానే ఉందిగా పెద్దాయనా. నన్నడుగుతారేంటి?"

"నీకెలా కనిపిస్తోందో చెప్పు. చుట్టూ రంగులేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. ఇంద్రధనుస్సును గుండ్రంగా చుట్టి బల్బుకు తగిలించినట్టు ఉంది. డ్రైవర్ ఆ మాటే చెప్పాడు. కొత్త రకం బల్బు కదా, అదో అందం అనుకున్నానన్నాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. పాత బల్బుల చుట్టూ కూడా ఆ రంగులు కనిపించేవా, పొద్దు వాలేసరికి కనుబొమ్మ పైన నొప్పి లేస్తుందా అని వరసపెట్టి అడిగాడు.

కనిపించేవి. నొప్పీ ఉంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని సంగతులు ఈయనకెలా తెలిశాయో డ్రైవర్‌కు అంతుబట్టలేదు.

"లోపం బల్బులో లేదు బాబూ, నీ కంట్లో ఉంది. ఇవాళ బండి తీయకు. బస్టాండు వెనకే కళ్ళాసుపత్రి. పద, నేనూ వస్తాను."

డ్రైవర్ ఎలక్ట్రీషియన్‌ను పక్కకు పిలిచి ఎవరీయన అని ఆరా తీశాడు. వచ్చిన ప్రతి డ్రైవర్నీ ఇలాగే అడుగుతాడనీ, ఓసారి చూపించుకుంటే పోయేదేముందనీ ఎలక్ట్రీషియన్ అంటుండగానే, బయట ఇంకో బండి హారన్ కొట్టింది. అతను అటు పరుగెత్తాడు.

ప్రతి డ్రైవర్నీనా? డ్రైవర్ బుర్ర మరింత గజిబిజి అయింది. కళ్ళజోళ్ళ కొట్టుకు మనుషుల్ని పోగేసే ఏజెంటా? ఎల్‌ఈడీలంటే గిట్టని పాత బల్బుల దుకాణం తాలూకా? లేక మతి చెడిన మనిషా? ఏదీ తేలలేదు.

మీరు డాక్టరా అని నిలదీశాడు. కాదన్నాడు పెద్దాయన. మరి నా కళ్ళ గొడవ మీకెందుకన్నాడు డ్రైవర్.

పెద్దాయన నొచ్చుకోలేదు. మెల్లగా చెయ్యి చాపాడు.

"నా మాట విను. ఒక్క పూట ఆగు."

డ్రైవర్ ఆ చేతికి అందకుండా తప్పుకుని లారీ ఎక్కేశాడు.

దారి పొడుగునా ఎదురొచ్చే ప్రతి బండి లైట్ల చుట్టూ రంగుల వలయాలే. అందరూ కొత్త బల్బులే వేయించుకున్నారని సరిపెట్టుకున్నాడు. తిరిగొచ్చాక ఆ బెంచీ మనిషి కథ భార్యకు నవ్వుతూ చెప్పాడు.

ఆమె నవ్వలేదు. "ఈమధ్య గ్లాసులో పోయాల్సిన నీళ్ళు పక్కన పోస్తున్నారు. ఒకసారి వెళ్ళొద్దామండీ," అంది.

ఈ ట్రిప్పు కానీ అన్నాడు. అది అయ్యాక మరో ట్రిప్పు తగిలింది.

ఒకరోజు తెల్లారుతూనే ఎడమ కంట్లో సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైంది. వెంటే వాంతులు. పైత్యం తలకెక్కిందనుకుని మాత్ర మింగి పడుకున్నాడు. మర్నాటికి నొప్పి సర్దుకుంది గానీ, ఆ కంటికి మాత్రం తెల్లారలేదు.

భార్య అతని చెయ్యి పట్టుకుని బస్టాండు వెనక ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"లైట్ల చుట్టూ రంగులు కనిపించేవా?" డాక్టరమ్మ మొదట అడిగింది అదే.

డ్రైవర్‌కు బెంచీ మీది పెద్దాయన గుర్తొచ్చాడు. భార్యే అవునంది.

కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందనీ, ఎడమ కన్ను ఇక రాదనీ, కుడి కన్నును మాత్రం కాపాడవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. రంగులు కనిపించిన కొత్తలోనే వచ్చి ఉంటే రెండూ దక్కేవట.

కుడి కంటికి చికిత్స పూర్తయ్యాక డ్రైవర్ భార్యను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు. పెద్దాయన ఉన్నాడు. డ్రైవర్ వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాడు.

ఏమనాలో తెలియలేదు. క్షమించమనాలా? దణ్ణం పెట్టాలా? ఆయనే నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది.

పెద్దాయన అతని వైపే ముఖం పెట్టి కూర్చున్నాడు. పలకరింపు లేదు. గుర్తుపట్టినట్టు చిన్న కదలికైనా లేదు.

కోపం ఇంకా తగ్గలేదన్నమాట అనుకున్నాడు డ్రైవర్. తల దించుకుని వెనక్కి తిరగబోతుంటే ఎలక్ట్రీషియన్ అతని భుజం పట్టి ఆపాడు.

"నోరు విప్పి మాట్లాడన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "నీలాగే లారీ తోలుతూ రెండు కళ్ళూ పోగొట్టుకున్న మనిషి. గొంతు వింటే తప్ప, ఎదురుగా ఎవరున్నారో ఆయనకు తెలియదు."