ఇరవై శాతం నమ్మకం

"మళ్ళీ ఇరవయ్యే" అన్నాడు లెక్చరరు, ఎర్ర పెన్ను బల్ల మీద పడేసి.

పక్కనే బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తలేదు. "ఎవరికండీ, మార్కులా?"

"మార్కులు నలభైకి ముప్పై ఎనిమిది. ఇరవై శాతం అంటున్నది నమ్మకం. ఈ పిల్లను ఎలా దారిలో పెట్టాలో పాలుపోవడం లేదు."

అర్థశాస్త్రం చెప్పే ఆయనకు ఈ ఏడాది ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. విద్యార్థులకు తమ చదువు మీద ఎంత ధీమా ఉందో కొలవాలి, ఆ ధీమాకూ మార్కులకూ ఉన్న లంకె ఏమిటో తేల్చాలి, దాని మీద ఒక వ్యాసం అచ్చు వేయించాలి. అందుకని పరీక్షల్లో ప్రతి జవాబు కిందా ఒక గడి పెట్టించాడు. 'ఈ జవాబుకు మార్కులు వస్తాయని మీకెంత నమ్మకం? సున్నా నుంచి వంద లోపు ఒక అంకె వేయండి' అని గడి పక్కన రాసిన వాక్యం కూడా స్వయంగా ఆయనదే. అది అంత చక్కగా కుదిరినందుకు రెండు రోజులు మురిసిపోయాడు.

క్లాసు ఆయన్ని నిరాశపరచలేదు. ఏమీ రానివాళ్ళు తొంభైలు వేశారు, కొద్దో గొప్పో వచ్చినవాళ్ళు అరవైలు వేశారు. వెనక బెంచీ వీరుడొకడు అసలు రాయకుండా వదిలేసిన జవాబుకు కూడా వంద వేశాడు. ఎటొచ్చీ మూడో బెంచీ అమ్మాయే కొరుకుడు పడడం లేదు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవే, అందరికంటే తక్కువ నమ్మకమూ ఆమెదే.

"టిక్కు పెట్టే ప్రశ్నలున్నాయి చూడు, మెషీను దిద్దేవి. వాటికి వందకు వంద వేస్తుంది. పెద్ద జవాబులు రాగానే ఇరవైకి దిగిపోతుంది. సొంత మాటల్లో రాయాలంటే బెదురు, అదీ సంగతి."

భార్య కట్టలోంచి ఒక పేపరు లాగి తిరగేసింది. "ఏవండీ, ఈ అబ్బాయికి వెనక పేజీ దిద్దనేలేదు."

"ఏదీ? రెండు పేజీలు అంటుకుపోయి ఉంటాయిలే." ఆయన చకచకా దిద్దేసి మళ్ళీ తన బాధలో పడ్డాడు. "పేపర్లు చేతికిచ్చాక కూర్చుని మార్కులన్నీ మళ్ళీ కూడుకుంటుంది, నేను కూడి ఇచ్చాక కూడా. పోయినసారి నా బల్ల దగ్గరికి వచ్చి, 'నాలుగు మార్కులు తగ్గినట్టున్నాయి సార్' అని గొణిగింది. తగ్గాయి, వేశాను. తనకు రావలసినవి అడగడానికి కూడా అంత భయమైతే ఎలా?"

"పాపం" అంది భార్య.

ఆయన బాధకు కారణం ఉంది. వచ్చే ఏడాది మొదటి సంవత్సరం వాళ్ళకు సందేహాలు తీర్చడానికి సీనియర్లలో ఒకరిని ఎంచుకోబోతున్నారు. ఎంపికైనవాళ్ళకు ఫీజు మాఫీ. నాన్న పనిచేసే మిల్లు మూతపడిందని, ఇది రాకపోతే చదువు మానుకోవలసిందేనని ఆ అమ్మాయి దరఖాస్తులో రాసింది. అది చదివిన దగ్గర్నుంచీ ఆయన మనసు మనసులో లేదు.

ఎంచుకునేది డిపార్ట్‌మెంట్ హెడ్. ఆవిడ ఈయన తయారుచేసిన నమ్మకాల పట్టికనే ఈయన ముందు పెట్టింది.

"మీరు కొలిచిందే కదా మాస్టారూ. తను రాసినదాని మీద తనకే నమ్మకం లేని పిల్ల నలభై మంది ముందు నిలబడి ఏం చెబుతుంది?"

"చాలా తెలివైన పిల్ల మేడమ్."

"తెలివి లేదని నేననలేదు. శుక్రవారం నా దగ్గరికి తీసుకురండి. ధైర్యంగా మాట్లాడగలదని నాకనిపిస్తే ఆమె పేరే రాస్తాను. లేకపోతే రెండో పేరు."

తను గీసిన గడే ఆ పిల్ల కొంప ముంచేలా ఉందని లెక్చరరుకు అన్నం సయించలేదు. ఆ వారమంతా క్లాసులు అయ్యాక ఆమెను ఖాళీ గదిలో నిలబెట్టి ధైర్యం నూరిపోశాడు.

"గొంతు పెంచు. మనసులో ఉన్నది దాచుకోకు."

"పెద్దవాళ్ళ ముందు కూడానా సార్?"

"ఎవరి ముందైనా సరే."

"ఎవరైనా నొచ్చుకుంటేనో?"

"నొచ్చుకోనీ. ఉన్నమాట అంటే నొచ్చుకునేవాడు మాస్టారే కాదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్" అంది అమ్మాయి, ఎందుకో నేల చూపులు చూస్తూ.

శుక్రవారం హెడ్ గదిలో లెక్చరరుకే ఎక్కువ చెమటలు పట్టాయి. ఆవిడ ఆ అమ్మాయి పేపరు తెరిచి మూడో జవాబు మీద వేలు పెట్టింది.

"ఇది సరైనదేనా?"

"సరైనదేనండీ."

"ఎక్కడైనా పొరపాటు ఉండొచ్చేమో?"

"లేదండీ. పుస్తకంలో వదిలేసిన మెట్టు కూడా రాశాను."

లెక్చరరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. హెడ్ వేలు కింది గడి మీదికి జరిగింది.

"ఇంత బాగా తెలిసిన జవాబుకు ఇరవై ఎందుకు వేశావమ్మా?"

అమ్మాయి ఒకసారి లెక్చరరు వంక చూసి తల దించేసుకుంది. హెడ్ పెన్ను మెల్లగా రెండో పేరు మీదికి వెళ్ళింది. వారం రోజుల కష్టం, ఆ పిల్ల చదువు, రెండూ కళ్ళముందే గంగలో కలిసిపోతున్నాయి.

"చెప్పమ్మా" అన్నాడు బతిమాలుతున్నట్టు. "నేను నీకేం నేర్పాను? భయపడకు. ఉన్నమాట చెప్పెయ్."

అమ్మాయి తలెత్తి, గొంతు సవరించుకుని, ఆయన నేర్పినట్టే గదంతా వినపడేలా చెప్పింది.

"దిద్దేది మీరు కదా సార్."