శారీగార్డు

అమలాపురం షోరూములో ప్రభుకిరణ్ నల్లటి క్రూయిజర్ బైకు ఎక్కి దిగనంటున్నాడు.

"పికప్ అదిరిపోద్దంట నాన్నగారండీ. ఇదే తీసుకుందామండి."

తండ్రి సత్యానందం పక్కనున్న టూరింగ్ బండి వెనక సీటు నొక్కి చూస్తున్నాడు. అది వెడల్పుగా, మెత్తగా ఉంది.

"వచ్చే నెల పెళ్లి పెట్టుకుని ఆ బండేంట్రా? ఆ పిల్ల వెనకాల ఎలా కూర్చుంటాది?"

సేల్స్‌మన్ కలగజేసుకున్నాడు. "ఈ క్రూయిజర్‌కీ శారీగార్డు ఉందండి. కాకపోతే లుక్కు పాడవుద్దని అందరూ తీయించేస్తున్నారు. మీకూ ఊడదీయించెయ్యమంటారా?"

"తీయొద్దు!"

షోరూములో అందరూ తిరిగి చూశారు. సత్యానందం వంగి, క్రూయిజర్ వెనక చక్రం పక్కనున్న ఆ ఇనప చట్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మన పాత బండికి ఇది విరిగిపోయిందన్నారు కదండీ?" అన్నాడు కిరణ్.

"విరగలేదురా. అందం చెడుతోందని కొన్నరోజే నేనే తీయించేసేను."

కిరణ్ మెల్లగా బండి దిగాడు. రెండేళ్ల కిందట కొత్తపేట రోడ్డు మీద, నాన్న నడుపుతున్న ఆ బండి చక్రంలో చీర చుట్టుకుని అమ్మ పోయింది. పైట దోపుకోమంటే వినలేదని సమాధి దగ్గర అందరికీ చెప్పింది ఈయనే.

"మరి అమ్మ పైట దోపుకోలేదని..."

"చక్రం లాగింది కుచ్చిళ్లనిరా," అన్నాడు సత్యానందం, చట్రం వదలకుండా. "రోడ్డు మీంచి ఎత్తుకున్నప్పుడు కూడా పైట నడుం దగ్గర దోపుకునే ఉంది."