నీలవేణి బాత్‌రూమ్

బాత్‌రూమ్ తలుపు బయటివైపు, కింది భాగమంతా చీలికలే. కాలితో తన్నిన గుర్తులవి. మేస్త్రీ అబ్బులు చూసీ చూడనట్టు టేపు తీసి కొలత పట్టాడు. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు.

"ఇంత చిన్న గదిలో ఏం చేయమంటారమ్మా?" అన్నాడు.

నాగశ్రీ ఫోన్‌లో ఫొటో చూపించింది. "అచ్చం ఇలాగే ఉండాలండి మేస్త్రీ గారూ."

ఏడున్నర సీరియల్లో నీలవేణి బాత్‌రూమ్ అది. టీవీ మీదే ఫొటో తీసుకుంది. గోడలకి నెమలికంఠం రంగు టైల్స్, బంగారు రంగు కుళాయిలు, నిలువెత్తు అద్దం, కింద తళతళలాడే తెల్లటి నేల. ఆ సీరియల్ తీసేవాళ్ళకేం పోయింది! భీమవరం పక్కన పల్లెటూళ్ళో ఆడవాళ్ళకి పిచ్చెక్కించి వాళ్ళు హాయిగా ఉంటారు. అనుకున్నాడు అబ్బులు. ఆయన జన్మలో ఒక్క సీరియల్ చూసిన పాపాన పోలేదు.

కానీ నాగశ్రీని కాదనబుద్ధి కాలేదు. ఆమె ఎడమ కంటి కింద కమిలిన మచ్చ పౌడరుకి దాగలేదు.

ఊరందరికీ తెలిసిన సంగతే. ఆమె భర్త పెదబాబుకి ముప్పై ఎకరాల రొయ్యల చెరువులు. పొద్దు వాలితే మందు. మందు పడితే చెయ్యి ఊరుకోదు. పన్నెండేళ్ళుగా ఇదే వరస. పెద్దమనుషులు కూర్చోబెట్టి చెబితే సరేనని తలూపి, ఇంటికెళ్ళి ఇంకో రెండు ఎక్కువ తగిలించాడు. తన్నులు మొదలవగానే నాగశ్రీ పరిగెత్తుకెళ్ళి దాక్కునేది ఆ బాత్‌రూమ్‌లోనే. ఇంట్లో లోపలి గడియ ఉన్న గది అదొక్కటే. మొన్న ఆ గడియ కూడా ఊడింది. ఈసారి ప్రాణం తీసేస్తాడని పనిమనిషి వీధంతా చెప్పుకొచ్చింది.

'బతికేది అందులోనే కదా పాపం, కాస్త అందంగా ఉండాలనుకుంటోంది' అనుకున్నాడు అబ్బులు.

"కాళ్ళు కడుక్కునే గదికి సోకులేంటే?" అని పెదబాబు మొదట ఎగిరాడు. ఊళ్ళో ఎవరింట్లోనూ ఇలాంటిది లేదనేసరికి మెత్తబడ్డాడు. గోడలు, అద్దం, కుళాయిలు వారంలో అయిపోయాయి. పేచీ అంతా నేల దగ్గరే వచ్చింది.

"అమ్మా, ఈ నున్నటివి గోడలకేసేవండి. రెండు చుక్కల నీళ్ళు పడితే చాలు, సర్రున జారిపోతారు. ఇదే తెలుపులో గరుకువి ఉన్నాయి, అవి వేస్తాను."

"వద్దండి. నీలవేణి నడుస్తుంటే కింద ఆవిడ నీడ కనబడుద్ది. నాకలాగే కావాలి."

"నీడదేముందమ్మా! నడుం విరిగితే ఎవరు చూస్తారు?"

"నాకేం కాదులెండి," అంది నాగశ్రీ. నవ్వింది కూడా. పని మొదలైన దగ్గర్నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ నరసాపురంలో ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళారు. రెండ్రోజులు ఇల్లు అబ్బులు చేతిలో ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆయన పద్ధతి ఒకటే. ఇంటివాళ్ళు చెప్పిందంతా వింటాడు, తనకి మంచిదనిపించిందే చేస్తాడు. దెబ్బలకి తాళలేక పరిగెత్తుకొచ్చే మనిషి ఆ నున్నటి నేలమీద పడితే ఏం గాను? ఆ పాపం నాకొద్దు బాబూ అనుకున్నాడు. తన జేబులో డబ్బు పెట్టి గరుకు టైల్స్ తెచ్చి పరిచాడు. తలుపుకి లోపల ఇనుప గడియ కూడా బిగించాడు. ఇక ఎంత తన్నినా ఊడదు.

నాగశ్రీ ఊరినుంచి వస్తూనే బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. చెంబుడు నీళ్ళు కింద ఒంపింది. పాదంతో రాసి చూసింది. ఇంకోసారి రాసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇవి అవి కావు కదండీ!"

"కోప్పడకండమ్మా. మా అమ్మాయికైనా ఇవే వేద్దును. పైసా ఇవ్వక్కర్లేదు."

"పీకేసి మళ్ళీ వేస్తారా? మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయ్యయ్యో, అంత మాటొద్దమ్మా! పీకితే గోడలు కూడా పోతాయి. అయ్యగారు ఇంకోసారి చేయనిస్తారా?"

నాగశ్రీ గడప మీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన గురించి ఇంత ఆలోచించినవాళ్ళు లేక ఏడుస్తోందనుకున్నాడు అబ్బులు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

ఇంతలో పెదబాబు వచ్చాడు. అప్పటికే తాగి ఉన్నాడు. తడినేల మీద రెండుసార్లు కాలేసి తొక్కాడు.

"అబ్బో, కాలికి భలే పట్టుంది మేస్త్రీ! పనంటే ఇదీ!" అని కేక పెట్టి, రెండు కేజీల రొయ్యలు సంచిలో పోయించాడు. అప్పుడు గడియ చూశాడు. "ఇదెవరు పెట్టమన్నారు?"

"ఎవరూ లేదండి, నేనే ఊరికే..."

"తీసెయ్."

అబ్బులు స్క్రూలు విప్పాడు. నాగశ్రీ గోడకి ఆనుకుని నిలబడి చూస్తూ ఉంది.

ఇంటికొచ్చినా ఆయన మనసు మనసులో లేదు. గడియ పోతే పోయింది, ఆ తల్లి కనీసం జారిపడదు అని సర్దిచెప్పుకున్నాడు. భార్య రొయ్యలు వొలుస్తూ ఏడున్నర సీరియల్ పెట్టింది.

"మీ నీలవేణి బాత్‌రూమే నేను కట్టింది," అన్నాడు. "నేలొక్కటే మార్చాను. జారకుండా గరుకువి వేశాను."

భార్య చేతిలో రొయ్య వదిలేసి మొగుడి వంక తిరిగింది.

"అదేంటండీ, తాగొచ్చి చావబాదే మొగుణ్ణి నీలవేణి ఆ నున్నటి నేలమీద సబ్బునీళ్ళు పోసే కదా చంపేసింది!"